కడుపులో బిడ్డది ఎవరి కర్మ?

గర్భానికి కీడు చేసే అలవాట్లను చరక సంహిత శారీరస్థానం ఎనిమిదో అధ్యాయం వరసపెట్టి చెబుతుంది. నిత్యం మద్యం తాగే స్త్రీకి దాహం ఎక్కువగా, జ్ఞాపకం తక్కువగా, మనసు నిలకడ లేకుండా ఉండే బిడ్డ పుడుతుందన్నది అందులో ఒకటి. తల్లి తాగిన మద్యం వల్ల బిడ్డ ఎదుగుదల, ముఖం, మెదడు ఎలా దెబ్బతింటాయో సియాటిల్ వైద్యులు జోన్స్, స్మిత్ వివరించి, ఆ లక్షణాలన్నిటికీ కలిపి ఒక పేరు పెట్టింది 1973లో.

పొగాకు సంగతీ అలాంటిదే. నికోటిన్ మాయకు వెళ్లే రక్తనాళాలను బిగిస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. పొగతాగే తల్లుల బిడ్డలు సగటున సుమారు 200 గ్రాముల బరువు తక్కువతో పుడతారు. నెలలు నిండకుండా పుట్టడం, నిద్రలోనే హఠాత్తుగా ప్రాణం పోవడం వంటి ముప్పులూ పెరుగుతాయి.

తాగింది తల్లి, తగ్గింది బిడ్డ బరువు. ఇదేం న్యాయం?

చేయని పనికి ఫలం మీద పడడాన్ని మన దార్శనికులు అకృతాభ్యాగమం అన్నారు. ఏ సిద్ధాంతంలో అది కనిపించినా దోషంగానే ఎంచారు. బిడ్డ పూర్వజన్మలో చేసుకున్నదే ఇప్పుడు అనుభవిస్తోందంటే ఆ దోషం తప్పుతుంది కానీ, మరో చిక్కు వచ్చిపడుతుంది. అంతా బిడ్డ కర్మే అయితే తల్లికి జాగ్రత్తలు చెప్పడం దేనికి? ఆయుష్షు ముందే ఖరారై ఉంటే మందులూ పథ్యాలూ ఎందుకన్న ప్రశ్న చరక సంహిత విమానస్థానంలోనూ వస్తుంది. దైవమూ (పూర్వజన్మ కర్మ), పురుషకారమూ (ఈ జన్మలో చేసే ప్రయత్నం) రెండూ కలిసే పనిచేస్తాయన్నది అక్కడి జవాబు.

ఆ పురుషకారం తల్లి ఒక్కదానిదేనా? అమెరికాలోని చార్లెస్టన్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రి 1989 నుంచి కొందరు గర్భిణుల మూత్రంలో కొకైన్ ఉందేమో పరీక్షించి, ఫలితాలను పోలీసులకు అందించింది. కొందరు బాలింతలకు బేడీలు పడ్డాయి. సమ్మతి లేకుండా పోలీసుల కోసం చేసే అలాంటి పరీక్ష రాజ్యాంగ విరుద్ధమని 2001లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఆ పరీక్షలు మొదలైన రోజుల్లోనే ఫిలడెల్ఫియాలో డాక్టర్ హాలం హర్ట్ 224 మంది శిశువులను పరిశీలనకు తీసుకున్నారు. అందరూ పేద కుటుంబాల బిడ్డలే. సగంమంది కడుపులో ఉండగా కొకైన్ ప్రభావానికి లోనైనవారు, సగంమంది కానివారు. ఏళ్లు గడిచినా రెండు జట్ల తెలివితేటల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండూ సగటు కంటే వెనకబడే ఉన్నాయి. కొకైన్ గర్భానికి మంచిదని దీని అర్థం కాదు. అది మాయ ముందే ఊడిపోయే గండాన్నీ నెలలు నిండని కాన్పులనూ తెస్తుంది. కానీ ఈ పిల్లల చదువును పేదరికం ఎక్కువగా దెబ్బతీసిందని హర్ట్ బృందం గుర్తించింది. పేదరికానికి బేడీలు వేసిన పోలీసులు లేరు.

మన దగ్గరకొస్తే, సిక్కోలు తీరంలో నిప్పు నోట్లోకి పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఆడవాళ్లలో తరాలుగా ఉంది. ఇంట్లో పెద్దవాళ్లను చూసి నేర్చిన అలవాటుకు ఏ ఒక్కతెనో దోషిగా నిలబెట్టడం కష్టం.

చరక సంహిత కూడా తల్లితో ఆగలేదు. తల్లి తప్పులతో గర్భానికి కీడు జరిగినట్టే తండ్రి తప్పులతో బీజానికీ జరుగుతుందని శారీరస్థానంలోని అదే అధ్యాయంలో చెప్పింది. ఈ మాటను మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోరు. పక్కవాళ్లు కాల్చిన పొగ కూడా కడుపులో బిడ్డకు చేటేనని వైద్యం నిర్ధారించింది. 2003 నాటి పొగాకు చట్టం మన దేశంలో బస్టాండులో, ఆఫీసులో బీడీ కాల్చడాన్ని నిషేధించింది. నిండు నెలల భార్య పడుకున్న ఒంటిగది ఇంట్లో భర్త బీడీ వెలిగిస్తే అడ్డుకునే నిబంధన అందులో లేదు.