ప్రమాదం నేర్పే వివేకం



2009 సెప్టెంబరు 2వ తేదీని మన ప్రాంతం మరచిపోలేదు. ఆ ఉదయం నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు బేగంపేటలో హెలికాప్టరు ఎక్కి చిత్తూరు జిల్లాకు బయలుదేరారు. నల్లమల మీదికి వచ్చాక సంబంధాలు తెగిపోయాయి. మరునాటి ఉదయం పావురాలగుట్ట వద్ద శకలాలు కనిపించాయి. అందులో ప్రయాణించిన అయిదుగురూ మరణించారు.

తరువాత ఎన్ని మాటలు పుట్టాయో మనకు తెలుసు. కుట్ర అన్నారు కొందరు, తలరాత అన్నారు మరికొందరు. పైకి ఈ రెండూ ఒకదానికొకటి పొసగని మాటలు. కాని రెండింటి ఫలితం ఒక్కటే. ఇక మనం నేర్చుకోవలసింది ఏమీ లేదని అవి మనసుకు నచ్చజెబుతాయి. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోయినప్పుడు కూడా జనం తీర్పులు చెప్పడానికే తొందరపడ్డారు. క్రీస్తునాథుడు ఆ తీర్పులను ఒప్పుకోలేదు, విన్నవారి దృష్టిని వారి సొంత నడవడి వైపు మళ్ళించారు.

ఆర్.కె. త్యాగి అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం సాక్ష్యాలను ఓపికగా పరిశీలించింది. గేర్‌బాక్సు నూనె పీడనంలో ఇబ్బంది తలెత్తగా పైలట్లు దాని పరిష్కారం వెదకడంలో మునిగిపోయారనీ, ఎదుటి వాతావరణాన్ని తగినంతగా గమనించలేదనీ, ప్రయాణం విరమించాలన్న నిర్ణయం జరగలేదనీ, చివరకు కిందికి తోసే తీవ్రమైన గాలిలో చిక్కి హెలికాప్టరు అదుపు తప్పిందనీ తేల్చింది. చేతిలో ఉన్న చిక్కు మనసునంతా ఆక్రమిస్తే ఎదుట ఉన్న అపాయం కంటికి ఆనదు. ఇది పైలట్లకు మాత్రమే సంభవించే సంగతి కాదు కదా!

విమాన ప్రమాదాల దర్యాప్తుకు ప్రపంచ దేశాలు ఒక నియమం పెట్టుకున్నాయి. 1944 నాటి చికాగో ఒడంబడికకు చెందిన 13వ అనుబంధం ప్రకారం, దర్యాప్తు ఉద్దేశం మరో ప్రమాదాన్ని నివారించడమే. నిందను పంచిపెట్టడం దాని పని కాదు. ఇక్కడ ఒక ధర్మసందేహం కలుగుతుంది. అలాగైతే తప్పు చేసినవాడు తప్పించుకోడా? మృతులకు న్యాయం ఎక్కడ?

ఇవి రెండు వేరు వేరు పనులు. తెలిసి తెలిసి నిర్లక్ష్యం చేసినవాడిని శిక్షించడానికి న్యాయస్థానం ఉంది, ఉండాలి కూడా. కాని ప్రతి ప్రశ్న వెనుక బెత్తం కనిపిస్తే ఎవరూ నోరు విప్పరు. దాచిన నిజం రేపటి ప్రయాణికుల ప్రాణం తీస్తుంది. బ్రతికి ఉన్నవారిని కాపాడే నిజం కూడా మృతులకు మనం చెల్లించవలసిన న్యాయంలో భాగమే.

2010 మే 22న మంగళూరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు, ఎనిమిది మంది బ్రతికారు. దిగవద్దు, మళ్ళీ పైకి లేపమని సహపైలట్ మూడుసార్లు చెప్పినట్లు విచారణలో తేలింది. పెద్దవారు వినలేదు. చిన్నవాడి మాట వినడం చిన్నతనమనుకొనే ఇండ్లు, కార్యాలయాలు, సంఘాలు మన మధ్య ఎన్ని లేవు?

పునీత అక్వినాసు తోమాసు వివేకమనే సుగుణాన్ని వివరిస్తూ దాని అంగాలలో జ్ఞాపకాన్ని, ఇతరుల నుండి నేర్చుకొనే వినయాన్ని, ముందుచూపును, జాగ్రత్తను చేర్చారు. జరిగినదాన్ని గుర్తుంచుకోనివాడికి ముందుచూపు ఎక్కడనుండి వస్తుంది? వినయం లేనివాడికి ఎవరు హెచ్చరిక చెబుతారు?

మన పొదిలి, మార్కాపురం రోడ్ల సంగతి ఆలోచించండి. మిరపకోతలకు కూలీలను తీసుకుపోయే ఆటో బోల్తాపడితే డ్రైవరును నాలుగు తన్నుతాం, లేదా ఖర్మ అని కన్నీళ్ళు తుడుచుకుంటాం. మరునాడు తెల్లవారకముందే మరో ఆటోలో అంతమందే ఎక్కుతారు. మలుపు అలాగే ఉంటుంది, చీకటీ అలాగే ఉంటుంది. ఎంతమంది ఎక్కారు, ఎందుకు ఎక్కవలసి వచ్చింది, వద్దని చెప్పిన మనిషి ఎవరైనా ఉన్నారా, ఆ మాట ఎందుకు చెల్లలేదు? ఈ ప్రశ్నలు అడిగే పెద్దలు ప్రతి ఊరికీ కావాలి.

మృతుల కోసం ప్రార్థిస్తాం, అది మన ధర్మం. వారి మరణం చెప్పే పాఠం వినడమూ మన ధర్మమే. ఈసారి కోతలకు ఆటో ఎక్కేముందు ఎవరైనా చాలిక అంటే, దయచేసి ఆ మాట వినండి.