చలించే గుండె, చలించని మనసు

పరమార్థం కదలనిదని రాయలసీమ పల్లెల్లో తత్వాలు పాడుకునేవాళ్లు చెబుతారు. బ్రహ్మంగారి మఠం ఉన్న కడప జిల్లాకి ఈ మాట కొత్త కాదు. అయితే వాడుకలో దానికి వేరే అర్థం స్థిరపడింది: కష్టమొస్తే మనిషి చలించకూడదు, కళ్లనీళ్లు పెట్టుకోకూడదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ మీద ఉండేవాళ్లకి బంధువులు చెప్పే ధైర్యం ఇదే. పులివెందుల డాక్టరు వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా 2007లో మొదలుపెట్టిన ఆరోగ్యశ్రీ పేదలకి వైద్యం ఖర్చు తీర్చింది. మనసుకి కావాల్సింది మాత్రం ఇంటివాళ్లే ఇవ్వాలి. వాళ్లు ఇస్తున్న ఈ సలహా తప్పని నేనంటాను. సాక్ష్యం ఆ రోగుల గుండెలోనే ఉంది.

ఆరోగ్యమైన గుండె ఒకే ఎడంతో కొట్టుకోదు. ఊపిరి పీలిస్తే కాస్త వేగం, వదిలితే కాస్త నెమ్మది. ఈ హెచ్చుతగ్గులనే హార్ట్ రేట్ వేరియబిలిటీ అంటారు. 1987లో గుండెపోటు రోగుల మీద అచ్చయిన ఒక అధ్యయనంలో, ఈ కొలత 50 మిల్లీసెకన్లకి లోపున్నవాళ్లకి, 100 దాటినవాళ్లకంటే చావు ముప్పు ఐదు రెట్లు కనిపించింది. కిడ్నీలు చెడినవాళ్లలో, షుగర్ కూడా ఉంటే మరీను, గుండెను నడిపే నరాలు దెబ్బతిని ఈ మార్పు తగ్గిపోతుంది. మిషన్ ఒంట్లోని నీరు లాగుతుంటే గుండె వేగం పెంచి, రక్తనాళాలు బిగిసి బీపీని నిలబెట్టాలి. ఆ స్పందన చాలకపోతే ఆవలింతలు, చెమటలు, పిక్కలు పట్టేయడం. సిస్టర్ పరుగున వచ్చి కాళ్ల వైపు ఎత్తుచేసి సెలైన్ వదలాలి. చలనం పోయిన గుండె అక్కడ నిబ్బరమైనది కాదు, నిస్సహాయమైనది.

కండరానికీ మనసుకీ ముడిపెట్టొద్దని వేదాంతులు అనొచ్చు. ఈసీజీ ఆత్మను కొలవదు, నిజమే. కానీ నిర్వికారమని వేదాంతం చెప్పింది ఆత్మను. సూదిపోట్లు తినే దేహాన్ని కాదు. సుఖదుఃఖాలు వచ్చిపోయేవి, ఓర్చుకోమని గీత చెప్పింది గాని, అవి తగలనే తగలవని చెప్పలేదు. ఇంతకన్నా గట్టి అభ్యంతరం వైద్యం నుంచే వస్తుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో దెబ్బల ఎడం విపరీతంగా మారుతుంది. అది పక్షవాతం తెచ్చిపెట్టగల జబ్బు. కాబట్టి మార్పు ఎంత ఎక్కువైతే అంత మేలనడం చెల్లదు. ఒప్పుకుంటాను. ఆ జబ్బులో గుండె ఊపిరితో పొంతన లేకుండా తడబడుతుంది. ఆరోగ్యంలో ఊపిరికి, నడకకి, భయానికి బదులిచ్చి మళ్లీ తన చోటికి వస్తుంది. స్థైర్యమని పెద్దలు చెప్పింది ఈ తిరిగి రావడాన్నేనని నా నమ్మకం. సూది చూసి కన్నీళ్లు పెట్టుకున్నా, ఆ పూట అన్నం తిని, ఎల్లుండి మళ్లీ ఆస్పత్రికి బస్సెక్కే మనిషికి అది ఉన్నట్టే. ఏడవొద్దని బంధువులు అడ్డుపడాల్సిన పనిలేదు.