అమ్మకు చెప్పిన ధర

2024 మే నెలాఖరున మెమోరియల్ డే సెలవులకి అమ్మని తీసుకుని మెక్సికో వెళ్ళాం. డాలస్ తెలుగువాళ్ళకి కాన్‌కూన్ సముద్రతీరం హైదరాబాదువాళ్ళకి గోవా లాంటిది. విమానంలో మూడు గంటలు, అమెరికా వీసా ఉంటే వేరే వీసా కూడా అక్కర్లేదు. ఊరి నుంచి ఆర్నెల్లకని వచ్చిన అమ్మానాన్నల్ని ఒకసారి అటు తిప్పుకురావడం మావాళ్ళలో ఆనవాయితీ అయిపోయింది. కాన్‌కూన్ విమానాశ్రయానికి గంట దూరంలో ప్లాయా దెల్ కార్మెన్ అని ఇంకో ఊరుంది. అక్కడ ఒడ్డునే ఉన్న రిసార్టులో ఒక ఫ్రెంచి-మెక్సికన్ రెస్టారెంటు. నా భార్య వారం ముందే రాత్రి భోజనానికి చెప్పి పెట్టింది.

అమ్మది దేవరకొండ దగ్గర పల్లె. పుట్టిల్లు పాలమూరు వైపు, అచ్చంపేట దగ్గర. అక్షరాలు రావు. అంకెలు మాత్రం బాగా వచ్చు. ఆ సంగతి నేను ఆ రాత్రి మర్చిపోయాను.

మొదట వచ్చినవాటిలో ఒకటి పల్చటి గోధుమపిండి దోశ. ఫ్రెంచివాళ్ళు క్రేప్ అంటారు. మడతపెట్టి, పైన తెల్లటి సాసు పోసి తెచ్చారు. లోపల నల్లగా, తడితడిగా ఏదో ఉంది. అమ్మ చెంచాతో మడత విప్పి చూసింది. వేలితో ముట్టుకుని వాసన చూసింది.

"ఇది కాటుక గదరా."

నాకు అర్థం కాలేదు.

"మక్కకంకికి వడ్తది గద, కాటుక. జొన్నకు గూడ వడ్తది. మీ నాయిన ఇత్తనాలకు గంధకం పట్టిచ్చి మరీ ఏసెటోడు. గిదేందిరా, తెగులు దెచ్చి తినవెడ్తున్నరు?"

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. విట్లకోచె అని మెనూలో ఉన్నది మొక్కజొన్నకి వచ్చే కాటుక తెగులే. మెక్సికో రైతులు చాలా కాలంగా దాన్ని కూర వండుకుని తింటున్నారు. ఫ్రెంచి క్రేప్‌లో పెట్టాక అది పెద్దవాళ్ళ విందుల్లోకి ఎక్కింది. అసలు ఈ ఫ్రెంచి-మెక్సికన్ కలయిక వెనక ముచ్చటైన కథేమీ లేదు. 1862లో ఫ్రెంచి సైన్యం మెక్సికో మీదికి దండెత్తింది, 1867లో వెళ్ళిపోయింది. సైన్యం పోయినా ఫ్రెంచి మోజు పోలేదు. పోర్ఫీరియో దియాస్ పాలనలో అధికార విందుల మెనూలు ఫ్రెంచిలోనే అచ్చయ్యేవి. ఆ రోజుల్లోనే, 1899లో, ఫ్రాన్సిస్కో బూల్నెస్ అనే మెక్సికన్ మేధావి మనుషుల్ని గోధుమ జాతి, వరి జాతి, మొక్కజొన్న జాతి అని మూడుగా విడగొట్టి, మొక్కజొన్న తినేవాళ్ళే అందరికంటే వెనకబడ్డవాళ్ళని పుస్తకం రాశాడు. తన దేశపు రైతుల గురించి!

మనకి బూల్నెస్ అవసరం పడలేదు. మా ఇంట్లో గటకా, జొన్నరొట్టే రోజూ ఉండేవి. చుట్టమొస్తే పక్కింటి నుంచి బియ్యం బదులు తెచ్చేవాళ్ళు. గటక గిన్నెని చుట్టానికి కనపడకుండా పెట్టడం నా పని. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చాక ఆ దాపరికం కొంత తగ్గింది. ఇప్పుడు హైదరాబాదులో జొన్నరొట్టె తినాలంటే ఏసీ గదిలో కూర్చోవాలి. అది వేరే కథ.

అమ్మ ఆ నల్లదాన్ని ఒక ముద్ద తిని, పళ్ళెం పక్కకి జరిపింది. వడ్డించే కుర్రాడు కంగారుపడ్డాడు, బాలేదా అని. నేను ఇంగ్లీషులో ఏదో సర్దిచెప్పాను. అమ్మకి అతని మీదికి ధ్యాస మళ్ళింది. "ఏ ఊరు బిడ్డా?" అని తెలుగులోనే అడిగింది. నేను మధ్యలో ఉండి చెప్పాను. చియాపాస్‌లో కొండల మీద ఒక పల్లె, బస్సులో ఒక రాత్రీ ఒక పగలూ. ఇంటికి ఏడాదికి ఒక్కసారి పోతాడట. మేముండే హోటల్లో పక్కలు సర్దే అమ్మాయిదీ అటువైపే.

"మనోళ్ళే" అంది అమ్మ. "దినానికెంతిస్తరట?"

అది నేను అడగలేదు. తర్వాత చూస్తే ఆ ఏడాది మెక్సికోలో కనీస వేతనం రోజుకి 248 పెసోల 93 సెంటావోలు.

మా బిల్లు టిప్పుతో కలిపి 4,200 పెసోలు. సుమారు 250 డాలర్లు. మన డబ్బుల్లో ఇరవై ఒక్క వేలకి కాస్త తక్కువ. అప్పుడు మా ఊళ్ళో ఉపాధి హామీ కూలి రోజుకి 300 రూపాయలు. డెబ్బై రోజుల పని. ఈ లెక్క నేను అక్కడ కూర్చునే వేశాను. మా ఊరు వదిలినవాళ్ళకి ఇది ఒక జబ్బు.

"ఎంతయిందిరా?" అంది అమ్మ.

"రెండు వేలు."

"రెండు వేలా!" అని ఊరుకుంది.

ఖరీదైన భోజనం తప్పా కాదా అని మా మిత్రుల్లో చాలాసార్లు చర్చ జరిగింది. పీటర్ సింగర్ 1972లో రాసిన వ్యాసం పట్టుకుని ఒకడు మమ్మల్నందర్నీ దోషులుగా నిలబెడతాడు. ఎక్కడో మనిషి ఆకలితో చస్తుంటే నీకు అక్కర్లేనిదాని మీద డబ్బు తగలేసే హక్కు లేదని వాదన. నాకది తప్పు వాదన అనిపించదు, జవాబు కూడా దొరకలేదు. కానీ ఆ చర్చ జరిగేది కూడా సాధారణంగా అలాంటి రెస్టారెంట్లలోనే, రెండో పెగ్గు తర్వాత. అమ్మ అడిగింది అది కాదు. అమ్మ అడిగింది ధర.

తక్కువ చెప్పడం ప్రేమ అనుకుంటాం. చీర ధర, విమానం టికెట్టు, మోకాలి డాక్టరు ఫీజు, అన్నీ సగానికి కోసి చెప్పే పిల్లలు నాకు తెలిసినవాళ్ళలో సగంపైన ఉన్నారు. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి ఏయే సందర్భాల్లో అబద్ధమాడితే పాపం కాదో వివరిస్తాడు. ప్రాణానికీ, ధనానికీ, మానానికీ ముప్పొచ్చినప్పుడు ఫరవాలేదట. ఇక్కడ ముప్పు ఎవరి మానానికి? అమ్మ మానానికేం కాలేదు. ఆమె ముందు ఇరవై వేల తిండి తినేవాడిగా కనబడటం నాకే ఇష్టం లేదు. కాంట్ అయితే హంతకుడు తలుపు తట్టినా అబద్ధం చెప్పకూడదన్నాడు. అంత దూరం నేను పోలేను. నా తలుపు తట్టింది హంతకుడూ కాదు.

అమ్మ కూడా నాకోసారి ధర తగ్గించి చెప్పింది. 1996లో నన్ను హైదరాబాదులో ఇంటర్‌లో చేర్పించడానికి అమ్మా నాన్నా గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని కర్ణాటకలో కాలువ పనికి పోయారు. అయిదు వేలు తీసుకున్నాం, ఒక్క కారు పని, అంది. నాన్న పోయినప్పుడు దినాల్లో చిన్నాయన మాటల్లో బయటపడింది. పన్నెండు వేలు. వడ్డీతో కలిపి రెండున్నరేళ్ళు మట్టి మోశారు. నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. నా చదువు ఖరీదెంతో నాకు చెప్పకుండా, వద్దనే అవకాశం లేకుండా చేశారని. చెప్పినా వద్దని ఉండేవాడిని కాదేమో. పదహారేళ్ళవాడిని, ఊరు దాటాలని ఉండేది. అయినా ఆ "ఏమో" తేల్చుకునే వీలు నాకు లేకుండా పోయింది. ప్లాయా దెల్ కార్మెన్‌లో నేను చేసింది కూడా అదే. ఇంకోసారి అలాంటిచోటికి పోదామంటే వద్దనాలో, వస్తాననాలో అమ్మకి తెలియాలంటే అసలు అంకె కావాలి.

ఆ రాత్రి గదిలో, నా భార్య, పిల్లలు పడుకున్నాక, అమ్మ బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంది. సముద్రం చీకట్లో కనపడటంలేదు, చప్పుడే.

"కాయితం మీద నాలుగు వేల రెండు నూర్లుండె. నువ్వు రెండు వేలంటివి."

తట్టల లెక్కా, చిట్టీల లెక్కా వేసిన మనిషి. మడతపెట్టిన బిల్లు అవతలి నుంచి చదివేసింది. నా నోట్లో రెండో అబద్ధం సిద్ధంగా ఉంది. అవి వాళ్ళ పైసలమ్మా, మన లెక్కలో రెండు వేలే అంటే అయిపోయేది. ఆమెకి తెలిసే దారి లేదు. అది ఎంత సులువో చూసి భయమేసింది.

"మన లెక్కలో ఇరవై ఒక్క వేలమ్మా" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. కోపమొచ్చిందనుకున్నాను. లోపలికి పోదామని లేచాను.

"ముందుగాల్నే చెప్పొద్దారా" అంది. "ఆ నల్లది ఇడిసివెట్టకపోదు గద."