ఆకాశాన్ని సాక్ష్యానికి పిలిచే ముందు

ఆ మధ్య ఒక జుమా నమాజు ముగిశాక, ఇంజినీరింగ్ చదువుతున్న ఒక యువకుడు నా దగ్గరికి వచ్చి తన ఫోనులో ఒక సందేశం చూపించాడు. విశ్వాన్ని 'డార్క్ ఎనర్జీ' విస్తరింపజేస్తోందని సైన్సు ఇప్పుడు కనుక్కుందనీ, ఖుర్ఆన్ దీన్ని 1400 ఏళ్ల క్రితమే చెప్పిందనీ అందులో రాసి ఉంది. "మౌలానా సాబ్, దీన్ని నా స్నేహితులకు చూపించాను. ఆ శక్తి తగ్గిపోతోందేమోనని ఇప్పుడు శాస్త్రవేత్తలే అంటున్నారట. వాళ్లు నవ్వుతున్నారు. నేనేం చెప్పను?" అన్నాడు. అతని గొంతు బొంగురుపోయింది. ఇది మన ఇళ్లలో చాలామంది పిల్లల ప్రశ్న. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు విషయం ఏమిటో చూద్దాం. విశ్వం కదలకుండా ఉందని నమ్మిన ఐన్‌స్టీన్, 1917లో తన సమీకరణాల్లో ఒక స్థిరాంకాన్ని చేర్చాడు. గెలాక్సీలు మననుండి దూరమవుతున్నాయని 1929లో హబుల్ పరిశీలనలు చూపాక దాన్ని వదులుకున్నాడు. 1998లో రెండు బృందాలు సూపర్‌నోవాలను, అంటే పేలిపోయే నక్షత్రాలను గమనించి, ఈ విస్తరణ వేగం పెరుగుతోందని తేల్చాయి. ఆ పనికి 2011లో నోబెల్ బహుమతి లభించింది. వదిలేసిన స్థిరాంకం మళ్లీ లెక్కల్లోకి వచ్చింది. నేటి అంచనా ప్రకారం విశ్వంలో సుమారు 68 శాతం డార్క్ ఎనర్జీ, 27 శాతం డార్క్ మ్యాటర్. నక్షత్రాలు, భూమి, మనం అన్నీ కలిపితే 5 శాతమే!

ఆ శక్తి ఏమిటో ఎవరికీ తెలియదు. శూన్యానికే కొంత శక్తి ఉంటుందని సిద్ధాంతం చెబుతుంది. కానీ దాన్ని మామూలు పద్ధతిలో లెక్క కడితే వచ్చే విలువ, ఆకాశంలో కనిపించే విలువకంటే ఎంతో ఎక్కువ. ఆ తేడాను రాయాలంటే 1 పక్కన దాదాపు 120 సున్నాలు పెట్టాలి. పైగా అమెరికాలోని అరిజోనాలో 'డెసీ' అనే పరికరం దాదాపు కోటిన్నర గెలాక్సీలనూ క్వేసార్లనూ కొలిచింది. ఈ శక్తి కాలంతోపాటు బలహీనపడుతూ ఉండవచ్చని 2024, 2025 ఫలితాలు సూచించాయి. అది సూచన మాత్రమే, రుజువు కాదు. ఆ మాట ఆ శాస్త్రవేత్తలే చెప్పారు.

ఇక మన సంగతి. ఆ సందేశం ఆధారపడింది అజ్జారియాత్ సూరాలోని 47వ ఆయత్ మీద. అందులోని 'మూసిఊన్' అనే పదానికి పూర్వపు వ్యాఖ్యాతలు ఒకే అర్థం చెప్పలేదు. కొందరు విశాలపరచడం అన్నారు, కొందరు అపారమైన శక్తి సామర్థ్యాలు అన్నారు. ఇన్ని అర్థాలకు చోటున్న పదాన్ని ఈనాటి ఒక సిద్ధాంతానికి కట్టివేసి, 'ఇదే రుజువు' అనే అధికారం మనకెవరిచ్చారు?

సోదరులారా! దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) జీవితంలోని ఒక సంఘటన గుర్తు చేసుకోండి. ఆయన చిన్నారి కుమారుడు ఇబ్రాహీమ్ మరణించిన రోజే సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ కోసమే సూర్యుడు చీకటిపడ్డాడని జనం చెప్పుకోసాగారు. ఆ మాట ఆయనకు వ్యతిరేకం కాదు, ఆయన గౌరవాన్ని పెంచేదే. మౌనంగా ఉన్నా సరిపోయేది. కానీ అంతటి దుఃఖంలోనూ ఆయన లేచి, సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావుకో పుట్టుకకో వాటికి గ్రహణం పట్టదనీ స్పష్టం చేశారు. తనకు అనుకూలంగా వచ్చిన తప్పు సాక్ష్యాన్ని కూడా ఆయన స్వీకరించలేదు. మరి మనం దేన్ని ఫార్వర్డ్ చేస్తున్నాం?

ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) తన 'తహాఫుతుల్ ఫలాసిఫా' గ్రంథం మొదట్లోనే ఈ గ్రహణాల ప్రస్తావన తెచ్చారు. గణితంతో రుజువైన విషయాన్ని ధర్మం పేరుతో ఖండించేవాడు ధర్మానికే హాని చేస్తాడని హెచ్చరించారు. రుజువు కానిదాన్ని ధర్మం పేరుతో ఊరూరా చాటడం వల్ల కూడా అలాంటి హానే కలుగుతుందని నా మనవి.

"అయితే ఆకాశాల గురించి ఆలోచించకూడదా?" అని మీరు అడగవచ్చు. తప్పక ఆలోచించాలి. ఖుర్ఆన్ మనల్ని పదే పదే పిలిచేది దానికే. అయితే సూచన వేరు, పందెం వేరు. విస్తరణ వేగం పెరిగినా, తగ్గినా, సృష్టి సృష్టికర్త వైపే దారి చూపుతుంది. పందెం కాసినవాడు మాత్రం కొత్త ఫలితం వచ్చినప్పుడల్లా తన ఈమాన్‌ను బల్ల మీద పెట్టాల్సి వస్తుంది.

నేను ఆ అబ్బాయికి ఇలా చెప్పాను: "బేటా, స్నేహితుల దగ్గరికి వెళ్లి 'నేను తొందరపడ్డాను, ఆ సంగతి ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదు' అని చెప్పు. అందులో అవమానం లేదు. మన పెద్దలు 'వల్లాహు ఆలమ్' అన్నది జవాబు తప్పించుకోవడానికి కాదు, అబద్ధం నుండి నాలుకను కాపాడుకోవడానికి. ఆ తర్వాత నీ చదువు బాగా చదువుకో. వీలైతే ఆ కొలతలు తీసే వాళ్లలో నువ్వూ ఒకడివి కావాలి."

తెలిసింది చెప్పే ధైర్యాన్నీ, తెలియనిది తెలియదనే నిజాయితీనీ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.