ఆకు రాలిన కాలంలో అడవికి

పిల్లలను అడవికి తీసుకెళ్లాలంటే మా అనంతపురం కాలేజీలు తలకోనకో నల్లమలకో బస్సు మాట్లాడతాయి. జలపాతం ఉండాలి, ఎండ పొడ కిందికి రానంత దట్టంగా చెట్లుండాలి. అవి చూడాల్సిన చోట్లే, కాదనను. కానీ మా కరువు సీమలో పుట్టినవాళ్లు ముందుగా నడవాల్సిన అడవి కల్పవల్లి అని నా నమ్మకం.

చెన్నేకొత్తపల్లి దగ్గరి గుట్టల వరుస అది. 2022లో అనంతపురం జిల్లాను విడదీసినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. నైరుతి మేఘాల తడిని పడమటి కనుమలే పిండేసుకుంటాయి. బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే ఈశాన్య వానలు ఇంత లోపలికి వచ్చేసరికి పలచబడతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే వాన, అదీ తన ఇష్టం వచ్చినప్పుడు. అలాంటి నేలలో 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, వాళ్ల మిత్రులు 32 ఎకరాల బీడు కొని టింబక్టు కలెక్టివ్ అనే సంస్థను మొదలుపెట్టారు. కొన్నేళ్లకే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమ గుట్టలను కూడా కాపాడుకోవడానికి పూనుకున్నారు. అలా మొదలైన కల్పవల్లి ఇవాళ 7 వేల ఎకరాలకు పైమాటే. ఇందులో నాటింది తక్కువ, కాపాడింది ఎక్కువ. నరకనివ్వలేదు, నిప్పు పడనివ్వలేదు, మేపడానికి కట్టుబాట్లు పెట్టుకున్నారు. మిగతా పని మట్టిలో ప్రాణం నిలుపుకున్న వేళ్లూ మోళ్లూ చేశాయి.

మా విద్యార్థులతో అక్కడ నడిచినప్పుడు మొదటి గంటలోనే ఒక పిల్లవాడు అడిగేశాడు: “ఏముంది సార్ ఈడ? అంతా ముళ్లకంపే కదా!” నేను జవాబు చెప్పలేదు. మాతో వస్తున్న కాపలా పెద్దాయన మాత్రం, “నిదానంగా నడువు నాయనా, అన్నీ కనపడతాయి” అన్నాడు. నిదానించాక ఈత పొదలు కనిపించాయి. వాటి ఆకుతో ఆ ఊళ్లలో చీపుర్లు కడతారు, బుట్టలు అల్లుతారు. కొట్టాలకు కప్పే బోద గడ్డి కనిపించింది. నరికిన మోడు పక్కనుంచే లేచిన చిగర కొమ్మలు, తంగేడు, పరికి. తోడేలూ ఎలుగుబంటీ తిరిగే చోటు ఇదేనని విన్నాక పిల్లలు గొంతు తగ్గించారు.

ఒకమ్మాయి తన సీసాలో నీళ్లు కొన్ని గుట్టను తొలిచి వేసిన మట్టిబాట మీద పోసింది, కొన్ని గడ్డి మొదట్లో పోసింది. బాట మీది నీళ్లు ఎర్రగా జారిపోయాయి. గడ్డి మొదట్లోవి అక్కడే ఇంకిపోయాయి. కింది చెరువులకూ బావులకూ ఈ గుట్టలు ఏం చేస్తున్నాయో ఆ గుక్కెడు నీళ్లే చెప్పాయి.

ఆ బాట గాలిమరల కోసం వేసింది. రెవెన్యూ లెక్కల్లో ఈ గుట్టలు బంజరు, అంటే ఎవరికీ పనికిరాని నేల. 2010 తర్వాత గాలిమరలు ఆ లెక్క ఆధారంగానే పైకెక్కాయి, వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. గాలి కరెంటు లోకానికి అవసరమే, బొగ్గు తగలబెట్టడం కన్నా మేలే. నన్ను కలవరపెట్టేది దాని వెనకున్న తీర్పు. మా పిల్లవాడి ప్రశ్న వెనకా, ఆ రికార్డు రాసిన చేయి వెనకా ఉన్న చూపు ఒక్కటే: ఎత్తైన చెట్టు లేదు కాబట్టి ఏమీ లేదు. పిల్లవాడి చూపు ఒక పూట నడకలో మారింది. రికార్డు మాత్రం నడవదు కదా.

కరువు నేల మీద మనందరం ఇలాంటి తీర్పులే మోస్తున్నాం. ఇక్కడేముంది, ఎటైనా పోదామని ఎన్ని ఊళ్లు బెంగళూరు బస్సెక్కలేదు? పోయినవాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు, ఆకలి తెలిసినవాళ్లు వాళ్లు. అయినా, ఏమీ లేదని అనాలంటే ముందు చూడాలి. చూడాలంటే చాలాకాలం ఒకచోట ఉండాలి. ఎవరో తరతరాల కోసం కాపలా తిరగడం వల్లే ఈ గుట్టల్లో ఉన్నదేమిటో లోకానికి తెలిసింది. సహనమంటే చేతులు ముడుచుకోవడం కాదు. ఎండాకాలం రాత్రి దూరాన పొగ కనబడగానే పచ్చి కొమ్మ విరుచుకుని గుట్టెక్కి మంటలార్పడం.

అందుకే అధ్యాపక మిత్రులకు నా విన్నపం ఒకటి. పిల్లలను ఇక్కడికి కార్తీకంలో పచ్చదనం చూపడానికి తీసుకురండి, మంచిదే. ఉగాది ముందు, ఆకు రాలి గడ్డి ఎండి గుట్టలు బోసిగా కనిపించే రోజుల్లో కూడా తప్పక తీసుకురండి. ఎండ ముదరకముందే నడిపించండి, నీళ్లు మోయించండి, కాపలావాళ్ల మాట వినిపించండి. పచ్చగా ఉన్న అడవిని ఎవరైనా ప్రేమిస్తారు. దానికి మనిషి అవసరం పడేది మాత్రం ఆ ఎండు నెలల్లోనే.