బొంత కుట్టుట కాయకమగునా?

మా ఇంటి పడమటి వసారాను ఆనుకొని ఒక చిన్న గది ఉన్నది. అందులో ఒక పాత కాలిమిషను, ఒక టేకు పెట్టె, గోడకు కట్టిన దండెము, నేల మీద తుంగచాప. ఉదయము లింగపూజ, వంట ముగిసిన తరువాత భోజనవేళ వరకు నేను ఆ గదిలోనే ఉందును. కుట్టుపని నాకు జీవనాధారము కాదు. ఎవరూ కూలి ఇవ్వరు, నేను అడుగను. బొంతలు కుట్టుట నాకు ఇష్టము, అంతే. ఇరువది ఏండ్లకు పైగా కుట్టుచున్నాను.

శరణుల కాయక తత్త్వమును గూర్చి చదివినప్పుడెల్ల నాకొక సంశయము కలుగుచుండును. కల్యాణములోని శరణులలో సూజికాయకద రామితందె అను వారొకరు ఉండిరి. పేరులోనే సూది ఉన్నది. ఆయన సూదితో బ్రతికినారు. ఆ బ్రతుకులో నుండి జంగమునకు, సమాజమునకు ఇచ్చినారు. కనుక ఆ సూది కాయకమైనది. నా చేతిలోనిదీ సూదియే. కాని నేను కుట్టకపోయినను నా ఇంట పొయ్యి ఆరదు. అటువంటప్పుడు నా పని కాయకమగునా, లేక ఉన్నవారి కాలక్షేపమగునా?

ముందు బొంత సంగతి చెప్పవలెను. మన గోదావరి సీమలో బొంత అనగా నేయించినది కాదు, మిగిలినది. చిరుగు పట్టిన నూలుచీరను అడ్డముగా రెండుగా కోసి, ఆ రెండు సగములను పక్కపక్కన జోడించినచో ఒక పొర అగును. అటువంటి పొరలు మూడు నాలుగు ఒకదానిపై నొకటి పరచి, అంచులు మడిచి, చిన్న చిన్న కుట్లతో వరుసలు తీయవలెను. చిరుగు వచ్చిన చోట మాసిక పడును. ఆ మాసికలనే ఒద్దికగా పేర్చినచో పైపొరకు అందము వచ్చును. బండారులంక నూలుచీర పది పన్నెండేండ్లు కట్టి ఉతికిన తరువాత ఎంత మెత్తబడునో కట్టినవారికే తెలియును. బొంతకు అంతకు మించిన గుడ్డ లేదు. ఈనాడు దర్జీల వద్ద మిగులు ముక్కలలో సగము పాలిస్టరు. అది చెమట పీల్చదు, సూదికి జారును, నూలు ముక్క పక్కన పెట్టినచో ముడుత తీయును. బసవేశ్వరుడు పుట్టిన కన్నడ సీమలో బొంతను కవుది అందురు. అక్కడి ఉత్తర కన్నడ అడవులలోని సిద్దీ స్త్రీలు అంచు నుండి మొదలిడి లోపలికి కుట్టుకొని వచ్చి, నాలుగు మూలల యందు పువ్వులని చిన్న మడత ముక్కలు అతుకుదురు. ఆ పువ్వులు లేని కవుదిని వారు పూర్తి అయినదిగా ఎంచరు.

పూర్తి అగుట అన్న మాట నాకు గుచ్చుకొనును. ఈ వ్యాసమునకు కారణము కూడ అదియే.

2022 జూలైలో గోదావరికి వచ్చిన వరద పాఠకులకు జ్ఞాపకము ఉండును. ధవళేశ్వరము వద్ద ప్రవాహము 25 లక్షల క్యూసెక్కులు దాటినది. కోనసీమ లంకలు మునిగినవి. మా రావులపాలెమునకు ఒక వైపున గౌతమి, మరొక వైపున వసిష్ఠ. లంకల నుండి జనము పిల్లలతో, మేకలతో గట్టుల మీదికి చేరినారు. అట్లు వచ్చిన ఒకామె మా వాకిట నిలిచి, "పిల్లోడికి కింద పరవడానికి పాత బొంతేదైనా ఉంటే ఇప్పించండమ్మగారూ" అన్నది.

నేను గదిలోనికి పోయినాను. పెట్టె నిండ గుడ్డ. దండెము నిండ గుడ్డ. మొత్తము ఆరు బొంతలు, ఆరును సగములో ఆగినవి. ఒకదానికి అడుగు పొర లేదు. ఒకదానిలో రంగు కుదరక ఊడదీసిన వరుసలు. మూడవది మునిమనుమనికని మొదలుపెట్టినది. వాడు నడక నేర్చినాడు, బొంత నేర్వలేదు. మిగిలినవాటి సంగతి చెప్పనక్కరలేదు. ఇరువది ఏండ్లుగా బొంతలు కుట్టుచున్నదానిని, వానలో తడిసిన బిడ్డకు పరచుటకు నా గదిలో ఒక్క బొంత లేకపోయినది. మావారు బజారునకు పోయి రెండు దుప్పట్లు కొని తెచ్చి ఇచ్చినారు. నా మంచము మీద నేను కప్పుకొను బొంత ఒకటి ఉన్నదన్న మాట నాకు ఆమె వెళ్ళిన తరువాత గాని తోచలేదు.

ఆ రాత్రి ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ నా మనస్సులో తిరిగినది. మారయ్య బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యపుగింజలు ఏరి తెచ్చుచుండెను. లక్కమ్మ వానిని వండి జంగమార్చన చేసెడిది. ఒకనాడు ఆయన మామూలు కంటె ఎక్కువ బియ్యము తెచ్చినాడు. లక్కమ్మ సంతోషింపలేదు. ఈ ఆశ నీకు ఎక్కడిదని అడిగి, ఎక్కువైనది మరల అచ్చటనే పోసి రమ్మని పంపినది. ఆ కథను మనము పేదల నిజాయితీకి నిదర్శనముగా చెప్పుకొందుము. కాని గింజలు ఏరుట దొంగతనము కాదు గదా. రాలిన గింజ ఎవరిది? ఏరకపోయినచో మట్టిలో కలియును. అయినను లక్కమ్మ దానిని ఒప్పుకొనలేదు. పారవేయబడిన వస్తువును గూడ అవసరమునకు మించి పోగుచేయుట సంగ్రహమే అని ఆమె తీర్పు. నేను పాతచీరలు, దర్జీ పారవేయు ముక్కలు పోగుచేసినప్పుడెల్ల "ఇది ఎవరి సొమ్మును కాదు, వ్యర్థము కానున్నదానిని కాపాడుచున్నాను" అని నాకు నేను చెప్పుకొనుచుంటిని. లక్కమ్మ నా గదికి వచ్చిన ఏమనును? ఆ పెట్టె మూత తీయుటకే నాకు సిగ్గు వేసినది.

ఒక ఆక్షేపణ రావచ్చును. రంగు పక్కన రంగు పెట్టి చూచుకొనుటలో ఒక ఆనందమున్నది, అది కూడ దోషమేనా అని. కాదనియే నా అభిప్రాయము. విసుగుతో చేసిన పని కాయకమని, ఇష్టముతో చేసినది విలాసమని శరణులు ఎక్కడను గీత గీయలేదు. దోషము ఆనందములో లేదు. మొదలుపెట్టుటలోనే ఆనందము తీరిపోవుటలో ఉన్నది. కొత్త బొంతకు ముక్కలు పేర్చుట ఉత్సవము వలె ఉండును. వరుస వెంట వరుస, చూపుడు వేలు కాయలు కాచు వరకు కుట్టుట అట్లుండదు. నేను ఉత్సవములు మాత్రము చేసుకొని, ఊడిగమును రేపటికి నెట్టుచు వచ్చినాను. ఆరు బొంతలు ఆగినది అందుకే.

తీరిక అన్న మాటను గూర్చి కూడ ఇచ్చట ఒక మాట. వసిష్ఠకు ఆవలి ఒడ్డున నర్సాపురము లేసు అల్లికకు ప్రసిద్ధి. పందొమ్మిదవ శతాబ్దములో క్రైస్తవ మిషనరీల వలన వచ్చిన విద్య. 1982లో మరియా మీస్ అను జర్మను పరిశోధకురాలు ఆ లేసు స్త్రీలపై ఒక గ్రంథము ప్రకటించినది. విదేశములకు ఎగుమతి అగు సరకును రోజుకు 6 నుండి 8 గంటలు అల్లు ఆ స్త్రీలను లోకము పనివారిగా లెక్కింపలేదనియు, ఇంటి ఆడవారు తీరికవేళ ఏదో అల్లుకొనుచున్నారని చెప్పి అతి స్వల్పమైన కూలి చేతిలో పెట్టినారనియు ఆమె చూపినది. వారి కాయకమునకు తీరిక అని పేరు పెట్టినారు. నేనో, నా తీరికకు కాయకమని పేరు పెట్టుకొనజూచుచున్నాను. రెండును మాటను తారుమారు చేయుటయే. కాని మొదటి దానిలో ఒకరి కూడు పోయినది. మరి నా తీరిక ఎక్కడి నుండి వచ్చినది? నేను పది గంటలకు చాప పరచుకొని కూర్చొనునప్పుడు పెరటిలో మా ఇంటి అంట్లు తోము చేతులు వేరొకరివి. ఈ సంగతి ఇంతకాలము నాకు తోచకపోవుటయే వింత.

వరద తీసిన తరువాత కార్తికము నాటికి పట్టుబట్టి రెండు బొంతలు ముగించినాను. ఒకటి వాకిట నిలిచిన ఆ తల్లికే పంపితిని. బండారులంక చీరల అంచులు నాలుగు వైపులా చుట్టి కుట్టినది, ఇంతవరకు నా చేతి మీదుగా వెళ్ళినవాటిలో మేలైనది. తరువాత ఆమె బజారులో కనబడినప్పుడు "బొంత బాగున్నదా?" అని రెండు మార్లు అడిగినాను. ఒకసారి చాలదా?

మరుసటి వేసవిలో అరటి మార్కెట్టు పక్కగా పోవుచుండగా గెలలు దించుచున్న ఒక ఆటోలో, గెలల అడుగున, నా బొంత కనబడినది. అరటిపాలు మరకలతో నల్లబడి ఉన్నది. అంచు చూచి గుర్తించితిని. ఇంటికి వచ్చి అన్నము తినలేదు.

పాల్కురికి సోమనాథుని బసవపురాణములో జేడర దాసయ్య కథ ఉన్నది. ఆ నేతగాడు తాను నేసిన వస్త్రమును జంగమ రూపమున వచ్చిన శివునకు అడిగినంతనే ఇచ్చినాడు. ఆ జంగముడు దానిని కన్నుల యెదుటనే చింపివేసినాడు. దాసయ్య నొచ్చుకొనలేదు. ఇచ్చిన పిమ్మట అది తనది కాదు గదా. ఈ కథ చిన్ననాటి నుండి విన్నదే. వినునప్పుడు చింపిన జంగముని మీదనే నా దృష్టి ఉండెడిది, శివుడు పెట్టిన పరీక్ష కదా అని. ఆటోలోని బొంతను చూచిన తరువాత నా దృష్టి నేతగాని మీదికి తిరిగినది. ఎన్ని దినములు నేసియుండును! ఎన్ని పోగులు తెగి ముడివేసియుండును! అతడు నొచ్చుకొనకుండుట ఎట్లు సాధ్యమైనదో నాకు ఇప్పటికిని తెలియదు.

మావారు మాత్రము తేలికగా అన్నారు: "గెల ఒరుసుకొంటే కాయ నల్లబడుతుంది, ధర పడిపోతుంది. నీ బొంత వాళ్ళ కూలి నిలబెడుతోంది. నీ గదిలో ఉండి ఏం చేసేది?" అది నిజము. ఆ బిడ్డ తండ్రి ఆ మార్కెట్టులోనే గెలలు మోయువాడని తరువాత తెలిసినది. బొంత మీద నా బిడ్డ పడుకొనవలెనని గాని, గెల పడుకొనరాదని గాని శాసించుటకు నేనెవరిని? ఇచ్చిన తరువాత కూడ దాని మీద నా చేయి ఉండెను, అందువలన నొప్పి కలిగినది. నొప్పి పూర్తిగా పోయినదని చెప్పినచో అసత్యమగును. మార్కెట్టు దారిన పోవునప్పుడు ఇప్పటికిని ఆటోలలోనికి తొంగి చూచుచునే ఉన్నాను.

ఆ తరువాత గదిలో కొన్ని మార్పులు చేసినాను. పాలిస్టరు ముక్కలన్నియు కాళ్ళపట్టాలు చేయువారికి ఇచ్చివేసినాను. ఒక బొంత దండెము మీద ఉండగా మరొక దానికి కత్తెర పట్టరాదని నియమము పెట్టుకొన్నాను. రెండు మార్లు తప్పినాను. ఎవరైనను చీరలు తెచ్చి ఇచ్చినచో, అవి బొంత అగుటకు ఎన్ని నెలలు పట్టునో ముందే చెప్పుచున్నాను. కొందరు తిరిగి తీసుకొని పోవుచున్నారు, అదియు మంచిదే.

మిగిలినవానిలో ఒకటి మా అమ్మ చీరలది. నాలుగు పొరలు, నాలుగును ఆమె కట్టినవే. ఒక పొరలో పసుపు మరక ఇప్పటికిని ఉన్నది. దాని మీదుగా కుట్టు పోనీయక పక్కనుండి తిప్పినాను. రెండు వైపుల అంచులు కుట్టవలసి ఉన్నది, ఎక్కువ పని కాదు. గోదావరికి ఎర్రనీరు రాకముందే ముగించవలెనని మిషను పక్క గోడ మీద సుద్దతో తేదీ వ్రాసితిని. ఎవరికి అన్నది మాత్రము ఇంకను వ్రాయలేదు.