ఏటీఆర్ ఎంచుకున్న మేనకోడలికి



అమ్మడూ, నువ్వు పంపిన ప్రాజెక్టు కాగితాలన్నీ చదివాను. మీరు పెట్టబోయే చౌక విమాన సంస్థకు జెట్ కాకుండా ఫ్యాన్లతో (ప్రొపెల్లర్లతో) ఎగిరే ఏటీఆర్ ఎంచుకున్నారని, ఆ మాట వినగానే పెట్టుబడిదారులు ముఖం చిట్లించారని రాశావు. ‘ఫ్యాన్లు తిరిగే విమానం ఈ రోజుల్లో ఎవరెక్కుతారు?’ అన్నారట. ఎక్కుతారు. మన కళ్ల ముందే ఎక్కారు.

2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ మొదలుపెట్టే నాటికి చౌక విమానాలకు అమెరికాలో సౌత్‌వెస్ట్ వేసిన బాట ఉంది. ఒకే రకం జెట్, బోయింగ్ 737 తీసుకోవాలి, దాన్ని నేల మీద నిలబడనివ్వకుండా రోజంతా తిప్పాలి. గోపీనాథ్ మాత్రం 48 సీట్ల ఏటీఆర్ 42లను లీజుకు తెచ్చారు. ఆయన వెళ్లదలచుకున్నవి హుబ్లీ, విజయవాడ లాంటి ఊళ్లు. జెట్‌ను నింపేంత మంది అక్కడ రోజూ దొరకరు. హైదరాబాద్ నుంచి విజయవాడకు జెట్ పంపితే అది పూర్తి ఎత్తుకు చేరి వేగం అందుకునేలోపే దిగడం మొదలుపెట్టాలి. కలిసొచ్చేది కొద్ది నిమిషాలు, కాలిపోయేది బోలెడు ఇంధనం. ఏటీఆర్ గంటకు 500 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయినా ఆ దూరానికి అది చాలు, చిన్న రన్‌వే మీదా దిగుతుంది. ఆర్టీసీలో పనిచేసినవాణ్ణి కదా, నాకు ఇది కొత్తగా అనిపించలేదు. పల్లెవెలుగు తిరిగే రోడ్డు మీదికి ఓల్వో పంపితే ఓఆర్ (సీట్లు నిండే శాతం) ఏమవుతుందో డిపోలో అందరికీ తెలుసు.

కాబట్టి మీ ఎంపిక సరైనదే. కానీ అది లెక్కల ఎంపిక మాత్రమే అనుకోకు. ఫలానా విమానం తీసుకున్నామంటే ఫలానా మనిషిని ఎక్కించుకుంటామని మాట ఇచ్చినట్టే. ఏటీఆర్ తీసుకున్నారంటే కడపలో, రాజమండ్రిలో ఉన్న మనిషికి మాట ఇచ్చారన్నమాట. రాత్రంతా బస్సులో కూర్చుని హైదరాబాద్ ఆసుపత్రికి వెళ్లే పెద్దావిడకి, జీవితంలో మొదటిసారి విమానం ఎక్కబోతున్న కుర్రాడికి. వాళ్లకు మీ బ్యాలెన్స్ షీట్ తెలియదు. టికెట్ తక్కువని, మీరు నమ్మదగినవాళ్లని మాత్రమే అనుకుని ఎక్కుతారు. నాకు నీతో ముఖ్యంగా చెప్పాలని ఉన్నది ఈ నమ్మకం గురించే.

2003 సెప్టెంబరులో బేగంపేట నుంచి విజయవాడకు బయల్దేరాల్సిన ఎయిర్ డెక్కన్ ప్రారంభ విమానం ఇంజన్‌లో మంటలు లేచాయి. లోపల వెంకయ్యనాయుడు గారితో సహా ఎందరో ప్రముఖులున్నారు. అందరూ క్షేమంగా దిగారు. కానీ చౌక అనే మాట పక్కన మంట కనబడితే జనం మనసులో ఏం పడుతుందో ఆలోచించు. పెద్ద సంస్థకు జరిగితే ప్రమాదం అంటారు. చౌక సంస్థకు జరిగితే కక్కుర్తి అంటారు. అది న్యాయం కాదు, అయినా ఆ బరువు మీరు మోయాల్సిందే.

అందుకని పొదుపు ఎక్కడ చేస్తున్నారో బాగా చూసుకోండి. భోజనం తీసెయ్యండి. పెద్ద ఆఫీసు వద్దు. ఎయిర్ డెక్కన్ వాళ్లు పెట్రోలు బంకుల్లో కూడా టికెట్లు అమ్మారు, మీకూ అలాంటి దారులు దొరుకుతాయి. ఇదంతా ప్రయాణికుడి కళ్ల ముందే జరిగే పొదుపు, ఒప్పుకునే ఎక్కుతాడు. అతనికి కనబడని చోట మాత్రం ఒక్క రూపాయి తగ్గించొద్దు. విడిభాగాలు, పైలట్ నిద్ర, రాత్రి హ్యాంగర్‌లో పనిచేసే మెకానిక్ జీతం అలాంటివి. ‘ఈ విమానానికి సంతకం పెట్టను’ అని ఇంజనీరు అన్న రోజు అతనికి పైనుంచి ఎవరూ ఫోన్ చేయకూడదు. నువ్వు కూడా చేయకూడదు. ఆ ఉదయం నలభై మంది కౌంటర్ దగ్గర అరుస్తున్నా సరే.

గోపీనాథ్ కథ ఆధారంగా వచ్చిన ‘ఆకాశం నీ హద్దురా’ చూసే ఈ ఆలోచన పుట్టిందన్నావు. సంతోషం. సినిమా గెలుపు దగ్గర ఆగుతుంది, ఎయిర్ డెక్కన్ కథ అక్కడ ఆగలేదు. రూపాయి టికెట్‌తో అది దేశమంతా పేరు తెచ్చుకుంది, 2004లో ఎయిర్‌బస్ 320లు తెచ్చి పెద్ద నగరాల మధ్య పోటీకి దిగింది. రెండు రకాల విమానాలంటే రెండు రకాల పైలట్లు, రెండు రకాల విడిభాగాలు. విస్తరణతో పాటు నష్టాలూ పెరిగాయి. 2007లో విజయ్ మాల్యా గ్రూపు వాటా కొంది, 2008లో అది మాల్యా కింగ్‌ఫిషర్‌లో కలిసిపోయింది, పేరు కింగ్‌ఫిషర్ రెడ్ అయింది. 2012కల్లా కింగ్‌ఫిషర్ విమానాలే ఆగిపోయాయి, సిబ్బందికి నెలల జీతాలు అందలేదు. గోపీనాథ్ మీద నాకున్న గౌరవం దీనివల్ల తగ్గదు. విమానాన్ని సామాన్యుడి దగ్గరికి తెచ్చిన మనిషి ఆయన. అయితే పెద్ద జెట్ కావాలన్న కోరిక మీకూ పుడుతుంది, ఆ రోజు ముఖం చిట్లించినవాళ్లే వచ్చి భుజం తడతారు. మాట ఇచ్చిన ఊళ్లను అప్పుడు గుర్తుంచుకోవాలి.

మన దగ్గరి ట్రూజెట్‌ను కూడా చూడు. 2015లో హైదరాబాద్ కేంద్రంగా ఏటీఆర్ 72లతో మొదలైంది. చిన్న ఊళ్ల విమానాలకు కేంద్రం సాయమిచ్చే ఉడాన్ పథకం కింద తొలి విమానాలు ఎగిరిన 2017 ఏప్రిల్ 27నే కడపకు విమానం నడిపింది. 2022లో ఆగిపోయింది. ఉడాన్ సాయం ఒక రూటుకు మూడేళ్లే. నాలుగో ఏడు మీ కడప విమానం తన కాళ్ల మీద నిలబడుతుందా? మీ కాగితాల్లో ఆ లెక్క కనబడలేదు. వేసి చూడండి.

ఇంకొక పేజీ కూడా లేదు. మీ దగ్గర మొదట ఉండేవి రెండే విమానాలు. అందులో ఒకటి కడపలో చెడి ఆగిపోయిందనుకో. ఆ సాయంత్రం మిగిలిపోయిన డెబ్బై మందికి భోజనం ఎవరు పెడతారు, హైదరాబాద్‌కు బస్సు ఎవరు మాట్లాడతారు, డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, వాళ్ల ఎదుట నిలబడి ఈ సంగతి చెప్పే ఉద్యోగి పేరేమిటి? ఇవన్నీ ఖర్చుతో సహా రాసి పంపు. అది చదివాక మీ అమ్మతో నేను మాట్లాడతాను. నా రిటైర్మెంటు డబ్బులో నీకు ఎంత ఇవ్వగలనో కూడా అప్పుడే చెబుతాను.

ఆశీస్సులతో,
మావయ్య